మూడు టిక్కులు

లైబ్రరీలో గుసగుసగా మాట్లాడే మనిషి ఇన్నాళ్ళకు ఒకరు కనిపించేసరికి లైబ్రేరియన్ మేడమ్‌కు ముచ్చటేసింది.

ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు.

"ఈ పేజీని నమ్మొద్దమ్మా. ఇందులో మందు మోతాదు తప్పు" అంటున్నాడు ఆ పెద్దాయన, కంప్యూటర్ ముందున్న విద్యార్థినితో.

ఆ అమ్మాయికి అది కాలేజీ ప్రాజెక్టు మాత్రమే కాదు. నాన్న నర్సరీలో నారుకు ఆకుమచ్చ తెగులు పట్టింది. దానికి మందు కనిపెట్టి రాస్తే మార్కులూ వస్తాయి, మొక్కలూ బతుకుతాయి. మొక్కలు బతికితేనే ఇల్లు గడుస్తుంది.

వెబ్‌సైట్లను జల్లెడ పట్టడంలో లైబ్రేరియన్ మేడమ్ దిట్ట. రాసిందెవరు, ఏం చదివారు, ఎప్పుడు రాశారు. మూడింటికీ ఎర్ర టిక్కు పడితేనే పిల్లలు ఆ పేజీని వాడుకోవాలి. ఆమె టిక్కు పెట్టాక ప్రొఫెసర్లు కూడా కిక్కురుమనరు.

ఈ పేజీకి మూడు టిక్కులూ పడ్డాయి. పైన ఒత్తు జుట్టు కుర్రాడి ఫొటో, పేరు ముందు డాక్టరు, కింద తేదీ. ఇంకేం కావాలి?

"మీరెవరండీ?" అంది మేడమ్.

"ఎవరైతే ఏంటమ్మా. ఆ లెక్క ఒక్కసారి వేసి చూడండి. లీటరుకు అంత కలిపితే మొక్క మాడిపోతుంది. అంకెల మధ్య దశాంశం చుక్క పెట్టాల్సిన చోట పెట్టలేదు ఇతగాడు."

"డాక్టరేట్ చేసినాయన్ని పట్టుకుని ఇతగాడంటారేంటి?"

పెద్దాయన ఫొటో వైపు చూశాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు.

"ముందు మీ పేరు, మీ చదువు చెప్పండి. అప్పుడు వింటాను."

"చెప్పినా నమ్మరమ్మా. ఇంతవరకూ ఎవరూ నమ్మలేదు."

అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మేడమ్, పోనీ ఒకసారి లెక్క..."

"పేరు కూడా చెప్పుకోలేని మనిషి మాట పట్టుకుని నా టిక్కులు కొట్టేయమంటావా?"

అమ్మాయి తల దించుకుంది. పెద్దాయన చేతులు జోడించి, మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పీడా విరగడైందనుకుంది మేడమ్.

వారం తిరక్కముందే ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో అంచుల నుంచి మాడి నల్లబడిన నారుమొక్క.

"అన్నీ ఇలాగే అయిపోయాయి మేడమ్. నాన్న ఏమీ అనలేదు. మడి దగ్గర కూర్చున్నాడు, లేవడం లేదు."

తిట్టినా బాగుండేది. ఆ పిల్ల తిట్టలేదు.

మేడమ్ కాగితం తీసి లెక్క వేసింది. ఐదో తరగతి పిల్లలు వేసే లెక్క. చుక్క నిజంగానే తప్పిపోయింది.

పేజీలో ఉన్న చిరునామాకు మెయిల్ పెట్టింది. అది తిరిగొచ్చింది. వెబ్‌సైట్ నడిపే కంపెనీకి ఫోన్ చేసింది.

"ఆ పేజీ తీసేయండి. మొక్కలు చచ్చిపోతున్నాయి."

"మీరెవరండీ?"

"లైబ్రేరియన్‌ని."

"రాసినవాళ్ళు అడిగితేనే తీస్తామండీ."

"ఆ లెక్క ఒక్కసారి చూడండి బాబూ. తప్పని మీకే తెలుస్తుంది."

"లెక్కలు మేం చూడమండీ."

ఆ పెద్దాయన లెక్క చూడమంటే, మీరెవరని అడిగి తనూ ఇలాగే చూడలేదని మేడమ్‌కు గుర్తొచ్చింది.

"మీరొక్కరే కాదులెండి" అవతలి మనిషి కాస్త మెత్తబడ్డాడు. "ఒక పెద్దాయన ఏళ్ళ తరబడి ఫోన్ చేశారు. గొంతు పోయి, గుసగుసగా మాట్లాడేవారు. మేం తీయకపోతే లైబ్రరీలు తిరిగి పిల్లలకైనా చెప్పుకుంటానన్నారు."

"ఆయన నంబరివ్వండి. క్షమాపణ చెప్పుకోవాలి."

"పోయారండీ. మొన్నే వాళ్ళమ్మాయి చెప్పింది."

తెర మీద ఒత్తు జుట్టు కుర్రాడు నవ్వుతూనే ఉన్నాడు. పక్కన అమ్మాయి మాడిన మొక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పోనీ, రాసిన ఆ డాక్టరుగారి నంబరైనా ఇవ్వండి. ఆయన్నే బతిమాలుకుంటాను" అంది మేడమ్.

"ఆ రాసినాయనే ఈ పోయినాయనండీ. పాత మెయిల్ మూతపడిపోయి, ఆ పేరు తనదేనని మా దగ్గర రుజువు చేసుకోలేకపోయారు."