చెరిసగం చేను

"కబుర్లు చాలు, పీకండి! ఎవరి మాట నెగ్గుతుందో ఇప్పుడే తేలిపోవాలి!" కొంగు నడుముకు బిగించి, వేరుశనగ చేను గట్టు మీద నిలబడి కేకేసింది అత్తగారు.

"పీకుదాం అత్తయ్యా, ఎవరికి భయం?" అంది కోడలు.

పందెం చిన్నదేం కాదు. చేను చెరిసగం. ఎవరి సగంలో కాయ బాగా ఊరితే, వచ్చే పంట నుంచి సాగు పెత్తనం వాళ్లది. ఓడినవాళ్లు నోరెత్తకూడదు. అత్తగారికి యూరియా అంటే ప్రాణం. ఆకు ముదురు పచ్చగా లేకపోతే ఆవిడకు అన్నం సహించదు. కోడలిదేమో జిప్సం పాట. "పూత అయ్యి ఊడలు మట్టిలోకి దిగే వేళ ఆ తెల్లపొడి మొక్క మొదట్లో పడితేనే గింజ నిండుతుంది అత్తయ్యా! యూరియా ఎక్కువైతే ఆకే మిగులుతుంది" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, చివరికి పందేనికి దిగింది.

గెలుపు మీద ఆమెకు రవ్వంత అనుమానం కూడా లేదు. తన సగం పూత నాటి నుంచే అత్తగారి సగాన్ని మించి నిగనిగలాడుతోంది మరి! పాపం అనిపించి, అత్తగారు పెళ్లికి వెళ్లిన రోజు కాస్త జిప్సం ఆవిడ సగంలోనూ చల్లించింది. గెలవాలి గానీ, పెద్దావిడ నలుగురిలో మరీ చిన్నబోకూడదు కదా!

మధ్యవర్తి మామగారు. "ముందు మీ అత్తది చూద్దాం" అంటూ ఒక మొక్క పట్టి లాగారు. మట్టి దులిపారు. గుత్తులు గుత్తులుగా కాయలు!

"అబ్బో!" అన్నారు చుట్టూ చేరిన కూలీలు. అత్తగారు గంతేసినంత పని చేసింది. కోడలు కూడా చప్పట్లు కొట్టేసింది. ఊరికే చల్లిన చోటే ఇంత కాస్తే, ఇక తన సగంలో ఎంత ఉండాలి!

"నాది నేనే పీకుతా మామయ్యా!" అని పరుగెత్తి, బలిసిన మొక్కను రెండు చేతులా పట్టి లాగింది.

ఆకు మోపెడు. కాయలు మూడంటే మూడు. మిగతావన్నీ పిందెలే.

ఇంకోటి పీకింది. అదీ అంతే. దాని పక్కదీ అంతే.

"ఇంకేముంది, పెత్తనం మీ అత్తదే" అని తేల్చేశారు మామగారు.

కోడలి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అత్తగారి చెయ్యి పట్టుకుని గట్టు చివరికి లాక్కెళ్లింది. "మీ సగంలో కాసింది కూడా నా జిప్సం వల్లే అత్తయ్యా! మీరు చిన్నబోతారని నేనే చల్లించాను. మరి నా చేనుకేం మాయరోగం వచ్చింది?"

అత్తగారి మొహంలో నవ్వు ఎగిరిపోయింది. అటూ ఇటూ చూసి, కోడలి చెవిలో గొణిగింది.

"గట్టిగా అనకే తల్లీ! నీ సగం పాలిపోయి కనిపిస్తే చూడలేక, నా వాటా యూరియా అంతా అందులోనే చల్లించేశాను!"