మూడు సెకన్ల గడువు

ఫిర్యాదుతో పాటు వచ్చిన రికార్డింగును అతను పొద్దుటి నుంచి మళ్ళీ మళ్ళీ వింటున్నాడు. హెడ్‌ఫోన్లు తీయబుద్ధి కావడం లేదు. తీస్తే ముఖం అలా ఉందేమిటని పక్క సీటువాళ్ళు అడుగుతారు.

రికార్డింగులో పెద్దగా ఏమీ లేదు. కంప్యూటర్ ప్రశ్న అడుగుతుంది. ఒక అమ్మాయి గట్టిగా ఊపిరి తీసుకుంటుంది. "పి... పి..." అంటుంది. టింగుమని గంట మోగుతుంది. "సమాధానం రాలేదు, తర్వాతి ప్రశ్న" అంటుంది కంప్యూటర్, ఎంతో మర్యాదగా. చివరిదాకా ఇదే తంతు. ఆఖరున మార్కులు సున్నా.

ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పి, నోటితోనే పరీక్ష పెట్టే ఆ సాఫ్ట్‌వేర్ అతని కంపెనీదే. ప్రశ్న అడిగాక మూడు సెకన్లలోపు ఒక్క పూర్తి మాటయినా వినిపించకపోతే జవాబు రానట్టే లెక్క. ఆ లెక్కను ప్రోగ్రాములో రాసింది సాక్షాత్తూ అతనే.

అమ్మాయి ఫిర్యాదు కూడా తిట్టినట్టు లేదు. తనకు చిన్నప్పటి నుంచీ నత్తి అని రాసింది. పసిపిల్లల బడిలో ఆయాగా చేస్తున్నానని, ఈ పరీక్ష గట్టెక్కితేనే టీచరుగా తీసుకుంటారని రాసింది. రెండుసార్లు తప్పిందట. ఇంక ఒక్కసారే రాయనిస్తారట. చివర్లో ఒక ముక్క ఉంది. 'జవాబులన్నీ నాకు వచ్చు. మీ కంప్యూటర్‌ను కాస్త ఆగమనండి, చాలు.'

తిట్టినా బాగుండేది అనుకున్నాడు.

ఆ గడువు నిర్ణయించిన మీటింగు అతనికి బాగా గుర్తుంది. మేనేజరు మంచివాడే. కాకపోతే ఎప్పుడు చూసినా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. టైము ఎక్కువిస్తే పక్కనున్నవాళ్ళని అడిగి చెప్పేస్తారని, మూడు సెకన్లు చాలని అన్నాడు. "ఏమంటారు మునిగారూ?" అని ఇతని వైపు చూశాడు. ప్రోగ్రాము రాయాల్సింది ఇతనే కదా. మాటల్లో పరమ పిసినారి కావడంతో ఆఫీసులో అందరికీ ఇతను మునిగారే. ఆ పూట కూడా చూసినవాళ్ళకు బెల్లం కొట్టిన రాయిలాగే కనిపించాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆఫీసుల్లో అయితే అది పూర్తి అంగీకారమే. మేనేజరు తర్వాతి అంశంలోకి వెళ్ళిపోయాడు.

మూడు సెకన్లు చాలవని అతనికి తెలుసు. ఆ గదిలో అందరికంటే బాగా తెలుసు.

సరే, అప్పుడు నోరు పెగల్లేదు. తర్వాతయినా ఒక మెసేజ్ పెట్టొచ్చు కదా, చేతులకేం వచ్చింది? టైపు చేశాడు కూడా. నీకెందుకంత పట్టింపు అని ఎవరైనా అడుగుతారేమోనని మొత్తం చెరిపేశాడు. అలా తన పరువు తన దగ్గర భద్రంగా ఉండిపోయింది. ఆ అమ్మాయి ఉద్యోగం మాత్రం గాలిలో దీపమైంది.

సాయంత్రం ఇంటికెళ్ళి భార్యకు ఇదంతా చెప్పాడు. ఆమె పొయ్యి కట్టేసి, ఎదురుగా కుర్చీ లాక్కుని, ఎప్పటిలాగే చివరిదాకా విన్నది.

"చెప్పాలనే అనుకున్నారు కదా" అన్నది మెల్లగా.

అనుకున్నంత మాత్రాన ఆ అమ్మాయికి మార్కులు పడవు. అతనికి ఆ పూట అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచాడు.

మర్నాడు మేనేజరుకు రికార్డింగు పంపించి, 'ఇది నా తప్పు, సరిచెయ్యనివ్వండి' అని కింద రాశాడు. మేనేజరు రెండు ప్రశ్నలు విని, మూడోది వినలేక హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు.

"అయ్యో, ఈ సంగతి మనలో ఒక్కరికీ తట్టలేదే" అన్నాడు.

అతను తల వంచుకున్నాడు. ఒక్కరికీ తట్టకపోతే అది పొరపాటు. తట్టి కూడా ఊరుకుంటే దాన్నేమంటారో అతనికి తెలియక కాదు.

గడువు ఎత్తేసి, 'నా జవాబు అయిపోయింది' అనే బటన్ పెట్టాడు. విద్యార్థి దాన్ని నొక్కేదాకా కంప్యూటర్ నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. ఇంతా చేస్తే అది ఒక పూట పని. అది తలుచుకుంటే ఇంకా సిగ్గేసింది.

పరీక్షకు ముందే ఈ కొత్త పద్ధతిని ఒకసారి చూసుకుని వెళ్ళమని ఆ అమ్మాయిని ఆఫీసుకు పిలిచారు. వచ్చింది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని, మైకు ముందుకు వంగింది. మొదటి ప్రశ్నకు చాలాసేపు తంటాలు పడింది. గంట మోగుతుందేమోనని మధ్యలో రెండుసార్లు బెదిరింది. మోగలేదు. జవాబు మొత్తం చెప్పి బటన్ నొక్కింది. ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు. ఆమె ముఖం చూస్తుంటే అతనికి సంతోషమూ వేసింది, ఎక్కడైనా దాక్కోవాలనీ అనిపించింది.

"ఇదంతా మార్చింది మా మునిగారే" అని చెప్పి మేనేజరు ఫోను మోగితే బయటికి వెళ్ళాడు.

ఆ అమ్మాయి చేతులు జోడించబోయి ఆగింది.

"సార్, ఆ గ... గడువు పెట్టిన రోజు మీరూ అ... అక్కడ ఉన్నారా?"

ఉన్నానన్నట్టు తల ఊపాడు.

"మరి చా... చాలదని ఒక్కళ్ళూ చెప్పలేదా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. జవాబు చెప్పడానికి అతను నోరు తెరిచాడు.

"చా... చా... చా..." అంటూ, ఆ రోజు మేనేజరు తర్వాతి అంశంలోకి వెళ్ళిపోయేలోపు ఎక్కడ ఇరుక్కుపోయాడో, ఊహ తెలిసిననాటి నుంచీ ఎక్కడ ఇరుక్కుపోతున్నాడో, సరిగ్గా ఆ మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయాడు, ఆ అమ్మాయి మాత్రం ఎక్కడికీ పోకుండా ఆగింది.