గేదె చెవి దగ్గర గోరింక

మడుగు ఒడ్డున ఉన్న తుమ్మచెట్టు మీద గిజిగాడిదే పెత్తనం. ఏటా గూడును ఏదో ఒక కొత్త తీరున అల్లేవాడు. ఈసారి గాలికి ఊగకుండా లోపల తడిమట్టి మెత్తాడు.

"చూశావుగా నా పనితనం," అన్నాడు అదే చెట్టు మీద ఉంటున్న గోరింకతో. "గేదెల ఒంటిమీద పిడుదులు ఏరడం తప్ప నువ్వు కొత్తగా చేసిందేముంది? ఈ కొమ్మ మీద ఉండాలంటే ఏదైనా చేసి చూపించు. లేదంటే రేపే ఖాళీ చెయ్యి."

గోరింక తన చుట్టూ చూసుకుంది. చూపించడానికి తన దగ్గర పుల్లముక్క కూడా లేదు.

అంతలో ఒక గేదె, చెవిలో దూరిన పిడుదు బాధకు తాళలేక, పరుగున వచ్చి తలను చెట్టుకేసి రుద్దసాగింది. చెట్టంతా కదిలిపోయింది. గిజిగాడి గూట్లో గుడ్లు దొర్లుతున్నాయి.

గోరింక ఎగిరి గేదె కొమ్ము మీద వాలి, ఎప్పటిలాగే చెవిలో ముక్కు పెట్టబోయింది. గేదె తల విదిలించింది. కాస్తలో తప్పింది గానీ, కొమ్ముకూ మానుకూ మధ్య నలిగిపోయేదే.

గోరింక మళ్లీ వాలింది. ఈసారి ముక్కు పెట్టలేదు.

"అమ్మా, నొప్పేస్తే చెవి ఆడించు, ఆగిపోతాను. నువ్వు ఊఁ అంటేనే మళ్లీ ముట్టుకుంటాను."

గేదె రొప్పుతూ నిలబడింది. చెవి ఆడినప్పుడల్లా గోరింక ఆగింది, ఊఁ అన్నాకే మళ్లీ ముక్కు పెట్టింది. చివరికి పిడుదు ఊడి వచ్చింది. గేదె మడుగు వైపు వెళ్లిపోయింది.

గుడ్లు చూసుకుని వచ్చిన గిజిగాడు గొంతు సవరించుకున్నాడు. "సరే, గండం తప్పించావు. కానీ కొత్తగా చేసిందేది? నాకేం కనబడలేదే."

గోరింక నోరు తెరిచేలోపే ఆ గేదె తిరిగొచ్చింది, ఇంకో గేదెను వెంటబెట్టుకుని. కొత్తగా వచ్చిన గేదె తల వంచి, చెవిని గోరింక ముందు పెట్టి కదలకుండా నిలబడింది.