బొమ్మలకు మొక్కే ఇల్లు

“బొమ్మలకు మొక్కే ఇంటికి నా కూతుర్ని పంపనంటే పంపను!” అంటూ టైలరు కత్తెరను టపీమని బల్ల మీద పడేశాడు.

తెర వెనక కూతురు కాజాలు కుడుతోంది. ఆ పిల్ల ఒక క్యాథలిక్ అబ్బాయిని ఇష్టపడింది. వీళ్ళేమో బొమ్మల ఊసే లేని ప్రొటెస్టెంట్ చర్చివాళ్ళు. అబ్బాయి తల్లిదండ్రులు మధ్యాహ్నం మాట్లాడడానికి వస్తామన్నారు. రమ్మనాలో వద్దనాలో ఈ తండ్రి ఇంకో గంటలో ఫోన్ చేసి చెప్పాలి. ఒకసారి వద్దన్నాడంటే మళ్ళీ ఆ మాట ఎత్తనిచ్చే రకం కాదు.

అద్దం ముందు నిలబడ్డ పెద్దాయనకు ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు. కోటు నడుము దగ్గర బిగుతైందని వదులు చేయించుకోవడానికి వచ్చాడు. వచ్చినవాడు తన పని చూసుకోవచ్చు కదా!

“వాళ్ళు బొమ్మలకు మొక్కరండీ,” అన్నాడు.

“భలేవారే! ఈ కళ్ళతో చూశాను. కొవ్వొత్తి వెలిగించి ఆ మరియమ్మ బొమ్మ ముందు మోకాళ్ళేస్తారు.”

“ఆ గోడ మీది ఫొటో ఎవరిది?”

“మా అమ్మది.”

“ఇందాక కత్తెర పట్టుకునే ముందు దానికి దణ్ణం పెట్టారు. కాగితానికా, అద్దానికా?”

టైలరు నోట్లో పెట్టుకోబోయిన గుండుసూదులు మళ్ళీ డబ్బాలో వేశాడు. సూదులు నోట్లో పెట్టుకుని వాదించడం కుదరదు మరి.

“మా అమ్మకే. కానీ వాళ్ళు మరియమ్మని దేవుడితో సమానం చేస్తారుగా? నేరుగా దేవుణ్ణే అడగొచ్చు కదండీ, మధ్యలో ఆవిడ రాయబారం దేనికి?”

“నేరుగానూ అడుగుతారు. ఆవిణ్ణి మాత్రం మా కోసం నువ్వూ ప్రార్థించమ్మా అంటారు, అంతే. ఆరాధన దేవుడికే. అది సరే, మీ అమ్మాయి ఈ పెళ్ళి సంగతి ముందు ఎవరికి చెప్పింది?”

“వాళ్ళమ్మకి. నాకు చెప్పే ధైర్యం ఏదీ?”

“అయితే వాళ్ళమ్మనే నాన్న అనుకుందంటారా?”

తెర వెనక కిసుక్కుమని నవ్వు వినబడింది. టైలరు అటు గుర్రుగా చూసి, మెడలో టేపు సర్దుకుని, గొంతు ఇంకాస్త పెంచాడు.

“మరి ఆ పాపాలు చెప్పుకోవడం ఏంటి? వారమంతా చేసింది శనివారం ఫాదరు చెవిలో ఊదేస్తే మాఫీ! సోమవారం నుంచి మళ్ళీ మామూలే. అల్లుడికి అంత వెసులుబాటు నేనివ్వను బాబూ!”

“మీరు ఎవరి ప్యాంటో పొట్టిగా కోశారనుకోండి. పొరపాటైంది అంటే సరిపోతుందా?”

“అదెట్లా సరిపోతుంది? గుడ్డ నేనే కొని మళ్ళీ కుట్టివ్వాలి.”

“అక్కడా అంతే. ఇంకెప్పుడూ చెయ్యనని గట్టిగా అనుకోకుండా చెబితే అది చెల్లదు. చేసిన నష్టం సరిదిద్దుకోవాలి. క్షమించేది దేవుడు. ఫాదరు ఆయన తరఫున కూర్చుంటాడు.”

“పోపుగారు అసలు తప్పే చెయ్యరటగా?”

“ఆయనా ఇంకో ఫాదరు ముందు మోకాళ్ళేసి తన పాపాలు చెప్పుకుంటాడండీ. తప్పు చెయ్యనివాడికి ఆ అవస్థ దేనికి? విశ్వాసం విషయంలో అందరికీ ఇదే ఖాయమని ప్రకటించినప్పుడు తప్పు చెప్పడని, అంతవరకే వాళ్ళ నమ్మకం.”

టైలరు కోటు వెనక కుట్టు మీద సుద్దతో గీత గీశాడు. గీత వంకర పోయింది. తుడిచి మళ్ళీ గీశాడు. అప్పటికి గానీ కడుపులో ఉన్న అసలు మాట బయటికి రాలేదు.

“పెళ్ళయితే మా పిల్ల మతం మారాల్సిందేనట. ఇంక అది మాది కాకుండా పోతుంది కదండీ.”

“మారాలన్న రూలేమీ లేదు. వాళ్ళ బిషప్పు దగ్గర అనుమతి తెచ్చుకుంటే ఎవరి నమ్మకం వారిదే. పుట్టే పిల్లల్ని తన విశ్వాసంలో పెంచడానికి శాయశక్తులా చూస్తానని మాత్రం అబ్బాయి మాటివ్వాలి. అది నేను దాచను. దాని గురించి ఇవాళే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోండి.”

తెర పక్కకు జరిగింది. సూదీ దారం చేత్తో పట్టుకుని కూతురు నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు. టైలరుకు అది చూశాక ఇంక మొండికెయ్యబుద్ధి కాలేదు, బల్ల మీది ఫోన్ అందుకున్నాడు.

“హలో... ఆ, నేనేనండీ. రండి రండి. అదేం మాట, భోజనానికే వచ్చెయ్యండి!”

కూతురు వచ్చి తండ్రి భుజానికి తల ఆనించింది. ఆయన దాని తల నిమురుతూనే పెద్దాయన వైపు తిరిగాడు.

“ఎంత తెలుసండీ మీకు! నిజం చెప్పండి, మీరు కోటు వేసుకున్న ఫాదరే కదూ?”

“అబ్బే, కాదండీ.”

“పోనీ పుట్టు క్యాథలిక్కులా?”

“అదీ కాదు,” అంటూ పెద్దాయన కోటు విప్పి ఆయన చేతికిచ్చాడు. “మా అమ్మాయి కూడా క్యాథలిక్ అబ్బాయినే చేసుకుంటానంది. తప్పులు పట్టి ఆపేద్దామని వాళ్ళ పుస్తకాలన్నీ ముందేసుక్కూర్చున్నాను. ఆఖరిది చదివి మూసేసరికి, దాని పెళ్ళి నేను లేకుండానే అయిపోయింది.”