ఆకలి కోసం ఎదురుచూపు

ఆ రాబోయే కాలంలో ఎప్పుడు, ఎంత తినాలో అందరికీ చేతికున్న ఎలక్ట్రానిక్ కడియమే చెప్పేది. చిన్నప్పటి నుంచీ దాని మాట జవదాటకపోయినా లహరి బరువు తగ్గలేదు. ఆకలేస్తేనే తిని చూద్దామని ఒక ఆదివారం కడియం తీసి పక్కన పెట్టేసింది. కానీ ఆకలి ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.

"కళ్లు తిరిగి పడిపోతావేమో!" అంటూ భర్త చరణ్ వెనకాలే తిరిగాడు.

మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే కడుపు గుడగుడలాడింది. లహరి భయపడి పొట్ట పట్టుకుంది. అంతలోనే మొహం వెలిగిపోయింది.

"చరణ్, ఇలా రా! చెవి పెట్టి విను."

అతను విన్నాడు. ఆమె గబగబా పప్పన్నం కలుపుకుంది. సగం తిన్నాక చెయ్యి దానంతటదే ఆగిపోతే, ఆశ్చర్యంగా కంచం వైపు చూసింది.

చరణ్ తన కడియం వదులు చేసుకుంటూ, "నాకూ ఆకలేస్తుందంటావా?" అని అడిగాడు.