సంతకం అడిగిన కాగితం

“నీ పాస్‌పోర్టు ముఖం పక్కన పట్టుకుని ఒక సెల్ఫీ తీసివ్వు. ఈ కాగితం మీద సంతకం కూడా పెట్టు. రెసిడెంట్ కార్డు రెన్యువల్‌కి కావాలంట,” అన్నాడు ప్రణయ్, ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ.

స్నిగ్ధకు అనుమానం వచ్చింది. గల్ఫ్‌లో, అజైబా అనే పేటలోని ఒక ఆఫీసులో ఆమె చేసే పనే వీసా కాగితాలు చూడటం. ఆరేళ్లలో భార్యల సెల్ఫీలు ఎవరూ అడగలేదు.

“ఎవరడిగారు?”

“మా కంపెనీవాళ్లే. కొత్త రూలంట.”

కాగితం పైభాగం వెనక్కి మడిచి ఉంది. ఆమె విప్పబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. “అవన్నీ ఎందుకు? నా మీద నమ్మకం లేదా?”

పెళ్లయ్యాక అతను ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆమె కాగితం లాక్కుని విప్పింది.

పైన ఒక అశ్లీల వెబ్‌సైట్ పేరుంది. అమెరికాలో ఒక రాష్ట్రం చేసిన కొత్త చట్టం ప్రకారం, వీడియోలో ఉన్న మనిషి గుర్తింపు కార్డు, ఫొటో, సంతకం చేసిన ఒప్పుదల పత్రం పంపాలని, లేకపోతే వీడియో తీసేస్తామని రాసి ఉంది. కింద వీడియో ఎక్కించిన తేదీ ఉంది. వాళ్లిద్దరూ విహారానికి సలాలా వెళ్లి, హోటల్లో ఉండి వచ్చిన మర్నాడది.

“నీ ముఖం అంతగా కనపడదులే,” అన్నాడు ప్రణయ్.

స్నిగ్ధ పెన్ను అందుకుంది. ‘ఒప్పుకుంటున్నాను’ అన్న మాట కొట్టేసి, ‘నాకు తెలియకుండా తీశాడు’ అని రాసి సంతకం పెట్టింది. దాన్ని ఫొటో తీసి, కాగితం మీదున్న ఈమెయిల్‌కు తనే పంపింది.

ఆ రోజు ఆమె ఆఫీసుకు వెళ్లలేదు. టాక్సీ పిలిచి, పోలీస్ స్టేషన్‌కు పోనివ్వమంది.