అంటిన రంగు

“నేను చచ్చిపోతానా మేడం?”

కుర్చీలో కూర్చోకముందే అడిగాడతను. కుడి చెంప ఉబ్బిపోయి కన్ను మూసుకుపోయింది. చెవి కింద నుంచి మెడ దాకా చర్మం ఎర్రగా కంది, నీటిపొక్కులు లేచాయి. ఎడమవైపు మాత్రం ఏమీ ఎరగనట్టు నున్నగా ఉంది.

చర్మవ్యాధుల డాక్టరమ్మ సూదిలోకి మందు ఎక్కిస్తూనే అడిగింది. “ఇలా కావడం మొదటిసారా?”

“పోయిన నెలా వచ్చిందండీ. ఇంతగా లేదు. ఈసారి గొంతు కూడా బిగుసుకుపోతోంది. కాన్సరా?”

“కాదు. తలకి రంగేసుకుంటారా?”

అంత భయంలోనూ అతను తన బట్టతల తడుముకున్నాడు. “దేనికెయ్యమంటారు? జుట్టున్న రోజుల్లో ఒకసారి వేశాను. దురదలు పుట్టి మానేశాను. తర్వాత జుట్టే నన్ను మానేసింది.”

ఆమె నవ్వలేదు. సూది వేసి, దూది అదిమి పట్టింది. “ఆ రంగులో కలిపే మందు మీకు పడదు. మీరు మర్చిపోయినా ఒళ్ళు మర్చిపోదు. మళ్ళీ మీరే వేసుకోనక్కర్లేదు. కొత్తగా రంగేసిన తల మీ భుజం మీద వాలినా చాలు. ఇంట్లో ఎవరేసుకుంటారు?”

“మా... మా ఆవిడ.”

“వెంటనే మాన్పించండి. మళ్ళీ తగిలితే ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు.”

“ఒట్టండీ. ఇంక ఆ ఛాయలకే పోను.”

“మీరు చెబితే వింటారో లేదో. ఆవిడ బయటే ఉన్నారుగా? నేనే చెబుతాను.” బెల్లు కొట్టింది.

అతని మొహంలో ఉబ్బని సగం పాలిపోయింది. “వద్దు మేడం! నేను నెమ్మదిగా చెప్పుకుంటాను. మీకు దణ్ణం పెడతాను.”

“చావు కంటే మీ ఆవిడంటేనే ఎక్కువ భయంలా ఉందే!” విసుక్కుంది డాక్టరమ్మ.

తలుపు తోసుకుని ఒకావిడ ఆదరాబాదరా లోపలికొచ్చింది. “మా ఆయనకేం ఫర్వాలేదు కదా డాక్టరుగారూ? ఇదంతా ఏ పాడుదాని వల్ల వచ్చిందో చెప్పండి, ఇవాళే ఇంట్లోంచి అవతల పారేస్తాను.”

చెప్పబోతూ డాక్టరమ్మ తలెత్తి చూసింది.

ఆవిడ తల ముగ్గుబుట్టలా తెల్లగా మెరిసిపోతోంది.